వరండాలోంచి వినిపించిన నా అసలు పేరు

చీకటిలో ఏదో ఉందని జడుసుకునేవాడు బాయి పనికి పనికిరాడు. నేను ముప్ఫై ఏళ్లకు పైగా బొగ్గు బాయిలో పనిచేశాను. నెత్తి మీది దీపం ఆరితే కళ్లు తెరిచినా మూసినా ఒకటే అనిపించే చీకటి అది. దయ్యం మూలిగిందని తోటివాళ్లు పరుగెత్తిన చోట నాకు పైకప్పు బరువు పడి చిట్లుతున్న కర్ర దిమ్మె కనిపించింది. దయ్యం తోసిందన్న చోట తడి రాయి కనిపించింది. దయ్యం ఉందని నాతో వాదించి గెలిచినవాడు మా షిఫ్టులో లేడు.

ఇప్పుడు కూడా ఉందని అనడం లేదు. జరిగింది మాత్రం రాస్తున్నాను.

చదువు నాకు నలభై దాటాక వచ్చింది. డ్యూటీ దిగి యూనియన్ ఆఫీసులో పలక పట్టుకుని నేర్చుకున్నాను. అలంకారాలు చేతకావు. ఇందులో అందరి పేర్లూ మార్చి రాస్తున్నాను. మారుపేరు నాకు కొత్త కాదు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

రిటైరయ్యాక గోదావరిఖనిలోనే, ఓపెన్‌కాస్టు గని మట్టి గుట్టలకు ఇవతల, రెండు అర్రల ఇల్లు కట్టుకున్నాం. నేను, నా భార్య మల్లవ్వ. ముందు గ్రిల్లు వరండా. పిల్లలు ఎవరి సంసారాలు వాళ్లు చూసుకుంటున్నారు.

నాకు గురక ఉందని పెళ్లయిన నాటి నుంచీ మల్లవ్వ అంటూనే ఉంది. ఇక్కడికి వచ్చాక కొత్త సంగతి చెప్పింది. గురక మధ్యలో ఆగిపోతోందట. గురకతో పాటు ఊపిరి కూడా.

"గురక పెడితె నాకు నిద్ర రాదు, పెట్టకపోతె నీ పానం పోతది. ఎట్ల ఏగేదయ్యా నీతోని?" అంది.

దవాఖానకు పోతే ఒంటికి తీగలు అంటించి ఒక రాత్రి పడుకోబెట్టి చూశారు. నిద్రలో గొంతు మూసుకుపోతోందన్నారు. ఎప్పుడు కునుకు తీసినా మిషను పెట్టుకోవాల్సిందేనని డాక్టరు గట్టిగా చెప్పాడు. చిన్న డబ్బా అది. గదిలోని గాలిని వెనక జాలీ గుండా పీల్చి, పొడుగాటి గొట్టం ద్వారా ముక్కులోకి నెడుతుంది. ముక్కు మీద మాస్కు, తల చుట్టూ పట్టీలు. మొదటిసారి పెట్టుకున్న రోజు మల్లవ్వ నవ్వాపుకోలేక బయటికి పోయింది. "ఏనుగుపిల్లోలె ఉన్నవు" అంది. నవ్వితే నవ్వింది గానీ, ఆ మిషను వచ్చాకే నేను మనిషిలా లేవడం మొదలుపెట్టాను.

బాయిలో నాకు ఎక్కువగా రాత్రి షిఫ్టులే పడేవి. ఆ అలవాటు ఇంకా పోలేదు. రాత్రి నిద్ర ముక్కలు ముక్కలుగా పడుతుంది. అసలు నిద్ర మధ్యాహ్నం అన్నం తిన్నాకే.

మిషను వచ్చిన మరుసటి ఎండాకాలం గాలిదుమారం లేచింది. మా ఇంటి ముందు కరెంటు స్తంభం మీది గూడు చెదిరి గోరెంక పిల్ల ఒకటి కింద పడింది. మల్లవ్వ దాన్ని కొంగులో వేసుకుని తెచ్చింది. ఉడికిన గుడ్డు, నానబెట్టిన పప్పు, దొరికినప్పుడు మిడతలు పెట్టి బతికించింది. ఒక రెక్క వంకరగా అతుక్కుంది. ఎగరలేదు. ఇల్లంతా గెంతుతూ తిరిగేది.

ఇంట్లో పిట్టలు, పిల్లులు ఉంటే పడుకునే అర్రలోకి రానియ్యవద్దని డాక్టరు ముందే చెప్పాడు. చెప్తే వినేదెవరు? ఆ పిట్టకు మిషను అంటే ఇష్టం. డబ్బా వెచ్చగా ఉంటుంది, సన్నగా అదురుతుంది. పోయి దాని మీదే ముడుచుకుని కూర్చునేది. ఈకల పొట్టు జాలీకి పట్టి బూడిద రంగు తిరిగేది. నేను కసిరితే మల్లవ్వ అడ్డం వచ్చేది.

"ఇన్నేండ్లు నీ గురక నేను భరించలేదా? గింత పిట్టను నువ్వు భరించలేవా?"

గోరెంక విన్న చప్పుడును పట్టుకుని అలాగే పలుకుతుంది. మొదట కుక్కర్ కూత పట్టింది. తర్వాత సందులో వచ్చే కూరగాయల బండి హారను పట్టింది. ఆ తర్వాత నా మిషను చప్పుడు పట్టింది. లోపలికి ఒక "హుస్సు", బయటికి ఒక "హుస్సు", మధ్యలో సన్నటి ఈల. కళ్లు మూసుకుంటే ఏది మిషనో ఏది పిట్టో నాకే తెలిసేది కాదు. మా వెనక వీధి ఖాదర్ భాయ్, నాతో పాటు రిటైరైన కరెంటు పనివాడు, ఒకరోజు అది విని, "అరే లింగన్నా, దీనిక్కూడ మిషిని పెట్టిన్రా ఏంది?" అని పడీ పడీ నవ్వాడు.

ఆ నవ్వులాటే ఒకరోజు నా ప్రాణం మీదికి వచ్చింది.

జ్వరం గోలీ వేసుకుని మధ్యాహ్నం పడుకున్నాను. మామూలుగా అయితే కరెంటు పోయి మిషను ఆగిపోతే ఉక్కిరిబిక్కిరై లేస్తాను. ఆ రోజు గోలీ మత్తులో లేవలేదు. కరెంటు పోయిందని వంటింట్లో మల్లవ్వకు తెలుసు. కానీ అర్రలోంచి "హుస్సు, హుస్సు" వినిపిస్తూనే ఉంది. మిషను లోపల ఏదో బ్యాటరీ ఉన్నట్టుంది అనుకుని తన పని తాను చేసుకుంది. చాయ్ ఇవ్వడానికి వస్తే నా పెదవులు నేరేడు పండు రంగులో ఉన్నాయట. పొట్ట ఎగిరిపడుతోంది గానీ ఊపిరి లేదట. మాస్కు గుంజి, చెంపలు వాయించి లేపింది. మిషను ఆగి ఉంది. దాని మీద కూర్చుని పిట్ట హుస్సుమంటోంది.

నేను ఆ సాయంత్రమే తేల్చి చెప్పాను. ఇంట్లో పిట్టన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి.

మల్లవ్వ ఏడవలేదు, వాదించలేదు. తనూ భయపడింది. ఖాదర్ భాయ్ ఇంట్లో పెద్ద వాకిలి ఉంది, వాళ్లకు పిట్టలంటే ప్రేమ. శుక్రవారం నమాజు అయ్యాక వచ్చి తీసుకుపోతానన్నాడు. అప్పటిదాకా పంజరంలో పెట్టి వరండాలోనే ఉంచాలని, అర్ర తలుపు మూసే ఉండాలని అనుకున్నాం. కరెంటు పోయినా మిషను ఆగకుండా ఖాదరే ఎక్కడిదో పాత బ్యాటరీ, ఇన్వర్టరు తెచ్చి బిగించాడు. వైరు పొడుగు లేదని నేనే బ్యాటరీని మంచం కింద, మిషను పక్కనే పెట్టించాను.

శుక్రవారం వచ్చింది. పొద్దున్నంతా కరెంటు లేదు. మధ్యాహ్నం వచ్చింది. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు సైరను వినిపించగానే ఎప్పటిలాగే దుమ్ము రాకుండా కిటికీలన్నీ మూశాం. మల్లవ్వ పంజరం మీద పాత కండువా కప్పి చెప్పులేసుకుంది.

"ఏడికే?" అన్నాను.

"ఖాదర్ ఇంటికి. పిట్ట ఏం తింటదో వాళ్ల ఇంటామెకు చెప్పద్దా? అది పోతుంటె నేనైతె చూడ" అంది. అని వెళ్లిపోయింది.

నేను అర్ర తలుపు దగ్గరికి వేసి, మాస్కు పెట్టుకుని పడుకున్నాను. బ్లాస్టింగుకు మంచం అదరడం వరకు గుర్తుంది.

తర్వాత ఎవరో పిలిచారు.

"ఓదెలూ."

మగ గొంతు. బీడీలు తాగీ తాగీ జీర పడ్డ గొంతు. చివర "లూ" సాగదీసిన పిలుపు. నేను కదలలేదు. కలలో పిలిస్తే ఎవడు కదులుతాడు?

"ఓదెలూ, లే. పేరు పైలం."

కళ్లు తెరిచాను. తెరవగానే కారం కొట్టినట్టు మండాయి. నాలుక మీద ఇనుము నాకిన రుచి. తల బండలా ఉంది. మిషను చక్కగా నడుస్తోంది, గాలి చక్కగా ముక్కులోకి వస్తోంది. మరి ఊపిరి ఎందుకు అందడం లేదో అర్థం కాలేదు. చెయ్యి లేపి మాస్కు గుంజేసుకోవడానికే చాలాసేపు పట్టినట్టనిపించింది. లేవబోతే కాళ్లు నిలవలేదు. మంచం మీంచి నేల మీద పడ్డాను. తలుపు ఏ వైపు ఉందో తెలియలేదు. నా ఇల్లు నేను కట్టుకున్నది, నాకే తలుపు తెలియలేదు.

అప్పుడు మళ్లీ వినిపించింది. ఈసారి నేను మేలుకునే ఉన్నాను. కావాలంటే ఎవరి మీదైనా ఒట్టేసి చెప్తాను. వరండా వైపు నుంచి, అదే గొంతు, అదే మాట.

"ఓదెలూ. పేరు పైలం."

ఆ గొంతు వచ్చిన దిక్కుకు పాకాను. తలుపుకు తల తగిలింది. సందులో వేళ్లు పెట్టి గుంజాను. తర్వాత ఎవరో నా రెక్కలు పట్టుకుని బయటికి ఈడ్చారు. ఖాదర్.

"యా అల్లా! ఏం వాసన ఇది? గుడ్లు మురిగినట్టు!" అని అరిచి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని లోపలికి ఉరికి మెయిను పీకాడు. కిటికీలు తెరిచాడు. నేను వరండా మెట్ల మీద కక్కుకుంటున్నాను. చూడనన్నా మనసాగక ఖాదర్ వెనకే వచ్చిన మల్లవ్వ నా వీపు మీద చెయ్యి వేసింది.

బ్యాటరీ పొంగింది. పొద్దున్నంతా ఫ్యానుకు వాడి ఖాళీ అయిన పాత బ్యాటరీ, కరెంటు రాగానే ఆపకుండా ఛార్జింగు ఎక్కి, ఆ ఎండకు ఉడికి, విషపు గాలి వదిలింది. నా మిషను జాలీ దాని పక్కనే ఉంది. ఆ గాలిని పీల్చి తిన్నగా నా ముక్కులోకి పంపింది. బాయిలో కొత్తగా దిగినవాడికి మొదటి రోజు నేర్పే పాఠం ఏమిటంటే, నువ్వు పీల్చే గాలి ఏ దారిన వస్తోందో చూసుకుని కూర్చో అని. మంచి గాలి వచ్చే దారి వేరు, చెడిన గాలి పోయే దారి వేరు. ఆ పాఠం నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. నా మంచం దగ్గర నేనే మరిచాను. ఆ వాసన గురించి కూడా బాయిలో చెప్తారు. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. నాకు తెలియలేదు. ఇంకొంచెంసేపు అలాగే ఉంటే లేచేవాణ్ణి కాదని దవాఖానలో అన్నారు.

ఇక్కడిదాకా అంతా లెక్కకు వస్తుంది.

నేను నీళ్లు తాగి కొంచెం కుదుటపడ్డాక ఖాదర్ అటూ ఇటూ చూసి అడిగాడు.

"మరి సుట్టం ఏడి లింగన్నా?"

"ఏ సుట్టం?"

"గేటు తీస్తుంటే ఇన్న కదా. ఎవరో ముసలాయిన ఓదెలూ, ఓదెలూ అని పిలుస్తుండె. ఓదెలు ఎవరు? పేరు పైలమంట. గదేం మాట భాయ్? పానం పైలమంటరు గని."

నేను మల్లవ్వ వైపు చూశాను. అవునన్నట్టు తలూపింది. ఆమె కూడా వింది.

వరండాలో మనిషి లేడు. కండువా కప్పిన పంజరం ఉంది. అందులో పిట్ట ఉంది. అంతే.

ఇప్పుడు ఆ పేరు సంగతి చెప్పాలి. కాగితాల మీద నేను లింగయ్యను. బాయిలో లింగయ్యను, దవాఖాన కార్డులో లింగయ్యను, ఖాదర్‌కు లింగన్నను. కానీ మా అవ్వ నాకు పెట్టిన పేరు ఓదెలు. లింగయ్య మా పెద్దనాయన కొడుకు, నాకు అన్న. బాయిలో పని దొరికింది అతనికి. కొన్ని షిఫ్టులు దిగాడు. ఒకరోజు అతని పక్కనే పైకప్పు రాయి కూలింది. ఇంటికి వచ్చి పార పట్టుకుని పొలానికి పోయాడు. "నాతోని కాదురా. నా పేరు మీద నువ్వు పో" అన్నాడు. పోయాను. ఫోటోలూ వేలిముద్రలూ అంత గట్టిగా చూడని కాలం. అలా మారుపేరు మీద బాయి దిగినవాళ్లు బొగ్గు ఊళ్లలో ఎందరో ఉన్నారు. ఒకడి బండికి ఇంకొకడి ఎద్దును కట్టినట్టే అనుకునేవాళ్లం.

అన్న ఎప్పుడన్నా బస్సెక్కి ఖని వస్తే బాయి గేటు దగ్గర నన్ను కలిసేవాడు. పోయేముందు చెవి దగ్గరికి వంగి, ఎవరికీ వినపడకుండా ఒకటే మాట అనేవాడు. "ఓదెలూ, పేరు పైలం." బయటపడితే పని పోతుంది కదా, జాగ్రత్త అని. ఇంకో అర్థం కూడా ఉంది. అది అతనే ఒకసారి నవ్వుతూ చెప్పాడు.

"బాయిల నువ్వు సస్తే, కాయితం మీద సచ్చేది నేనేరా. నా పేరును సంపకు."

అతను నేను రిటైరు కాకముందే పోయాడు. ఊళ్లో లింగయ్యకు పాడె కట్టారు. ఇక్కడ లింగయ్య మర్నాడు డ్యూటీ ఎక్కాడు. అప్పటికి ఈ ఇంటికి పునాది కూడా తియ్యలేదు. ఆ గోరెంక గూట్లో గుడ్డు కూడా కాదు.

నాకు తోచిన దారులన్నీ వెతికాను. దేన్నీ వదల్లేదు.

మొదట మల్లవ్వను అనుమానించాను. ఓదెలు అన్న పేరు ఆమెకు తెలుసు. ఆమె నేర్పిందేమో.

"మొగని పేరు ఎన్నడన్న తీసిన్నా నేను?" అని కోపానికి వచ్చింది. నిజమే. లింగయ్య అని గానీ ఓదెలు అని గానీ ఆమె నోటి నుంచి నేను ఏనాడూ వినలేదు. మా వైపు ఆ వయసు ఆడవాళ్లు తియ్యరు. ఇక "పేరు పైలం" అన్న మాట ఆమెకు తెలియనే తెలియదు. అది నా చెవికి, అన్న నోటికి మధ్య ఉన్న మాట.

నిద్రలో నేనే పలవరిస్తే పిట్ట పట్టిందేమో అని అడిగాను.

"నిద్రల నీకు ఊపిరే రాదు. మాటెక్కడిది?" అంది.

విషపు గాలి తలకెక్కితే లేనివి వినిపిస్తాయని డాక్టరు చెప్పాడు. ఒప్పుకున్నాను. మరి గేటు బయట ఖాదర్‌కు ఏ గాలి తలకెక్కింది? నమాజు నుంచి వస్తున్న మనిషి. ఓదెలు అనే పేరు అతను అంతకుముందు నా ఇంట్లో ఎన్నడూ వినలేదు. సందులో ఎవరో ఎవరినో పిలిచారేమో అని ఇల్లిల్లూ తిరిగి అడిగాను. మా సందులో ఓదెలు అనేవాడు లేడు. ఆ ఎండలో బయట ఎవరూ తిరగలేదన్నారు.

మిగిలింది పిట్ట. ఖాదర్ మాత్రం అది పిట్ట గొంతు కాదంటాడు. "పిట్ట పలుకు నాకు తెల్వదా? మనిషే పిలిచిండు" అంటాడు. పంజరం కడ్డీల మీద చెయ్యి పెట్టి చెప్తాడు.

పిట్టను ఎవరికీ ఇవ్వలేదు. ఇవ్వమని నేను మళ్లీ అనలేదు. బ్యాటరీని పెరట్లోకి మార్పించాను. మిషను ఇప్పుడు కిటికీ పక్కన, ఎత్తు మీద ఉంటుంది. జాలీని రోజూ నేనే దులుపుతాను. పంజరం వరండాలోనే.

ఆ మాట పిట్ట నోట వస్తుందేమోనని నెలల తరబడి ఎదురుచూశాను. రాలేదు. కుక్కర్ కూస్తుంది, హారను కొడుతుంది, హుస్సుమంటుంది. అంతే.

ఒకరోజు బయటినుంచి వచ్చి గేటు దగ్గర ఆగిపోయాను. మల్లవ్వ పంజరం ముందు పీట వేసుకుని కూర్చుంది. చేతిలో ఉడికిన గుడ్డు ముక్క. పిట్ట కళ్లలోకి చూస్తూ నెమ్మదిగా, అక్షరం అక్షరం విడదీసి చెప్తోంది. "ఓ-దె-లు. అను. ఓదెలు."

నన్ను చూసి సిగ్గుపడింది. వెంటనే దబాయించింది. "ఏం చూస్తవు? అది నేర్చుకుంటదా నేర్చుకోదా తెల్సుకోవద్దా? నేర్చుకుంటె ఈ ఫికరన్న పోతది."

అప్పటి నుంచి రోజూ చెప్తోంది. పిట్ట తల పక్కకు వంచి వింటుంది. గుడ్డు తింటుంది. ఒక్కసారి కూడా పలకలేదు. ఖాదర్ చూసి, "పిట్టకు రాలేదు గని, అక్కకు మాత్రం మస్తుగ వచ్చింది" అని ఆట పట్టించాడు. వచ్చింది. ఈ మధ్య వంటింట్లోంచి చాయ్‌కి పిలిచేటప్పుడు కూడా నోరు జారి ఆ పేరే వస్తోంది. నేను పలుకుతున్నాను.

ఇన్నేళ్లకు ఈ ఇంట్లో నన్ను నా పేరుతో పిలిచే గొంతు ఒకటి ఉంది. అది మల్లవ్వది. ఆ శుక్రవారం పిలిచిన గొంతు ఎవరిదో నాకు తెలియదు.